తొడ నరం గురించి నేను చెప్పని మాట

ఆ రోజుల్లో నా ఉద్యోగం రక్తనాళాలను కొలవడం. నేను డాక్టర్ని కాను, నర్సునూ కాను. రాయదుర్గంలో ఒక అద్దాల మేడ నాలుగో అంతస్తులో, కిటికీలకు నల్ల తెరలు దించిన గదిలో నా సీటు. ఎక్కడెక్కడి దేశాల ఆసుపత్రుల నుంచో వచ్చే యాంజియోగ్రామ్ బొమ్మల్లో గుండె ధమనుల వెడల్పు కొలిచేదాన్ని. స్టెంటు అనే లోహపు జాలీ పెట్టిన రోజు దారి ఎంత తెరుచుకుంది, కొన్ని నెలలు పోయాక అందులో ఎంత మిగిలింది, అంతే పని. ప్రతి బొమ్మనూ ఇద్దరం విడివిడిగా కొలవాలి. ఒకరికి వచ్చిన కొలత రెండోవారికి తెలియకూడదు. రోగి ఎవరో ఇద్దరికీ తెలియకూడదు. తెలిస్తే కన్ను అటు మొగ్గుతుందని మా కంపెనీ నమ్మకం. మనిషి ఎవరో తెలియకుండా అతని లోపలిది చూడటం నా స్వభావానికి బాగా సరిపోయింది. నలుగురిలో పడి మాట్లాడటం నాకు మొదటి నుంచీ చేతకాదు.

నాతో పాటు కొలిచే పక్క సీటు అతనిది నల్లగొండ, నాది కృష్ణా జిల్లా. రాష్ట్రం విడిపోవాలా వద్దా అని ఊరంతా అట్టుడికిపోతుంటే, మేమిద్దరం ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. చివర్లో పైవాళ్ళు సరిచూస్తే మా కొలతల మధ్య తేడా మిల్లీమీటరులో పదోవంతు దాటేది కాదు. దాన్నే స్నేహం అనుకున్నాం. బంద్ ఉన్న రోజు ఆఫీసు మూసి, దానికి బదులు శనివారం రమ్మనేవారు. ఆ ఏడాది మాకు శనివారాలు పెద్దగా మిగల్లేదు.

నేను అద్దెకుండేది మియాపూర్‌లో, బస్సు డిపో వెనక కాలనీలో. పై వాటా నాది. కింద ఇంటాయన, ఆయన భార్య. ఆయన ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ కాల్చిన బీడీల ఫలితంగా గుండెలో ఒక స్టెంటు పడింది. మూడేళ్ళయ్యాక ఎడమ తొడలో ఇంకొకటి వేయాల్సి వచ్చింది. తొడది వేయకముందు కాస్త నడిస్తే చాలు, పిక్క పట్టేసేది. ఆగితే తగ్గేది, నడిస్తే మళ్ళీ మొదలు. ఆ నడకను ఆయన బస్సు రూటు చెప్పినట్టు చెప్పేవాడు. ఇంటి నుంచి చాయ్ హోటలు దాకా మూడు స్టాపులు: కరెంటు స్తంభం, కిరాణా కొట్టు, డిపో గోడ. స్టెంటు వేశాక ఒక పొద్దున గేటు దగ్గర నన్ను ఆపి, "ఇగ స్టాపులు లెవ్వు బిడ్డా, డైరెక్టు సర్వీసు" అన్నాడు.

నా ఉద్యోగం గురించి ఆయన భార్య ఎవరితోనో గొప్పగా చెప్పినట్టుంది. ఒక ఆదివారం ఆయన సీడీ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"గిది జర సూడు బిడ్డా. తొడల ఏసినరు గద, మంచిగున్నదా?"

బయటివాళ్ళ బొమ్మలు చూడకూడదని మాకు నియమం. అయినా ఇంటి యజమాని కదా అని లాప్‌టాప్‌లో పెట్టి చూశాను. నాళం సాఫీగా, నిండుగా ఉంది.

"చాలా బాగుందండీ అంకుల్."

"మల్ల బందైతదా?"

"గుండెలోది మూడేళ్ళయినా తెరిచే ఉంది కదండీ. ఇది మాత్రం ఎందుకు మూసుకుపోతుంది?"

"అయితే ఫికర్ లేదు" అని ఆయన సీడీని చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను కొలిచినవన్నీ గుండెలే. తొడ ధమనిని అంతకుముందు ఒక్కటీ చూడలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పాలని తోచలేదు. తెలియదు అనడానికి నాకు నామోషీ.

కొన్ని నెలలకు ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బస్సులు డిపోలోనే ఆగిపోయాయి. గేటు ముందు టెంటు వేసి రిలే దీక్షలు మొదలుపెట్టారు. మా ఆఫీసు వ్యాను రోజూ దాని ముందు నుంచే వెళ్ళేది. పరిచిన జంపఖానా మీద మెడలో దండలతో మనుషులు, ఒక మైకు, మూలన ఒకదాని మీద ఒకటి పేర్చిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. ఇంటాయన ముందు వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. రిటైరైనవాడు రావాల్సిన పని లేదని కుర్రకారు చెప్పినా వినలేదట. పొద్దున పోతే మళ్ళీ సాయంత్రమే ఇంటికి.

ఆ రోజుల్లో డిపో గోడ నిండా ఉద్యమం పోస్టర్లే. సాయంత్రం నేను వ్యాను దిగి వస్తుంటే, ఆయన ఆ గోడ ముందు నిలబడి కనిపించేవాడు. నన్ను చూసి తల ఊపి, మళ్ళీ పోస్టరు వైపు తిరిగేవాడు. మొదటి వారం ఏమీ అనిపించలేదు. తర్వాత, నేను వచ్చే వేళకే అక్కడ నిలబడి నాకు చూపించడానికే చదువుతున్నాడనిపించింది. ఒళ్ళు మండింది కూడా. ఆయన పక్క నుంచి తల దించుకుని వచ్చేసేదాన్ని.

అప్పుడే మా ఆఫీసుకు కాళ్ళ ధమనుల పని కొత్తగా వచ్చింది. ఒక డాక్టరు వచ్చి రెండు రోజులు నేర్పించారు. స్టెంటు వేస్తే నాళం లోపలి గోడకు గాయమవుతుంది. అది మానే క్రమంలో లోపల ఒక పొర పెరిగి దారిని ఇరుకు చేస్తుంది. గుండె ధమనిలో చాలామందికి ఆ పెరుగుదల కొన్ని నెలల్లో సద్దుమణుగుతుంది. తుంటి దగ్గరి ధమని వెడల్పుగా ఉంటుంది, పెద్దగా వంగదు, అందుకని ఎక్కువ కాలం నిలుస్తుంది. తొడ ధమని సంగతి వేరు. మనిషి కూర్చున్నా లేచినా అది వంగుతుంది, మెలిపడుతుంది, పొట్టిదవుతుంది, మళ్ళీ సాగుతుంది. లోపలి గాయానికి మానే తీరిక దొరకదు. లోహపు తీగలు విరగడం కూడా ఉంది. ఆ డాక్టరు మాకు ఒకే కాలి బొమ్మలు రెండు చూపించారు. చాపిన కాలిలో నాళం తిన్నగా ఉంది. మడిచిన కాలిలో అదే నాళం తోటలో నీళ్ళ పైపు మడతపడ్డట్టు ఉంది. నాకు వెంటనే జంపఖానా మీద బాసింపట్టు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం కూడా ఇంటాయన గోడ ముందు ఉన్నాడు. ఈసారి సరిగ్గా చూశాను. కళ్ళజోడు చొక్కా జేబులో ఉంది. అది లేకుండా ఆయన కరెంటు బిల్లు కూడా చదవలేడు. బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమ పిక్కను చేత్తో మెల్లగా రుద్దుకుంటున్నాడు. ఆయన పోస్టర్లు చదవడం లేదు. మూడో స్టాపులో ఆగి ఉన్నాడు.

మరునాడు పొద్దున గేటు దగ్గర ఆయన కోసం ఆగాను. రాత్రంతా కూడగట్టుకున్న మాటలు తీరా నోరు తెరిచేసరికి తలకిందులయ్యాయి.

"అంకుల్, మీరు ఆ టెంటులో కూర్చోకపోతేనే మంచిదండీ."

ఆయన నవ్వాడు. "ఏంది బిడ్డా, మీవోళ్ళు టీవీల గూడ గిదే అనవట్టిరి. టెంట్ల కెల్లి లెవ్వుండ్రి అని."

ఎగతాళే తప్ప అందులో ద్వేషం లేదు. ఆయనకు ద్వేషించడం రాదని నాకు తెలుసు. అయినా 'మీవోళ్ళు' అన్న మాట సూటిగా వచ్చి తగిలింది. ఆ కాలు మడవకండి, నరం మళ్ళీ మూసుకుపోతోంది, నేను అప్పుడు చెప్పింది తప్పు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి అని నేను ముందే అనాల్సింది. అదంతా నాలుక చివరే ఉంది. అభిమానం అడ్డొచ్చింది. "మీ ఇష్టమండీ" అని వచ్చి వ్యాను ఎక్కేశాను. ఆయన భార్యకైనా చెప్పొచ్చు. ఆమె కూడా అలాగే అనుకుంటుందేమోనని ఆమెకూ చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున ఆమె కింద నుంచి కేక వేసింది. "బిడ్డా, జర కిందికి రా. ఈయన కాలు సల్లగైపోయింది."

వెళ్ళి పాదం ముట్టుకున్నాను. ఎండలో తలుపు దగ్గర కూర్చున్న మనిషి పాదం అంత చల్లగా ఉండకూడదు. వేళ్ళు పాలిపోయి, రెండు నీలంగా మారుతున్నాయి. సమ్మె వల్ల ఆటో దొరకలేదు. పక్కింటివాళ్ళ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ యాంజియోగ్రామ్ తీశారు. నా ఉద్యోగం సంగతి ఆమె చెబితే డాక్టరు నన్ను పిలిచి బొమ్మ చూపించారు. స్టెంటు రెండు చోట్ల విరిగింది. పై నుంచి కింద దాకా పూడుకుపోయింది. అందులో నేను కొలవడానికి ఏమీ మిగల్లేదు.

రెండో కాలి సిర తీసి బైపాస్ చేసి, రక్తానికి పక్కదారి వేశారు. కాలు దక్కింది. రెండు వేళ్ళు తీసేయక తప్పలేదు.

ఆయన మంచం మీద లేచి కూర్చునే దాకా ఆగి, ఉన్నదంతా చెప్పాను. నాకు గుండె నాళాలే తెలుసన్నది, తర్వాత నేర్చుకున్నది, గోడ దగ్గర చూసింది, గేటు దగ్గర మింగేసింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆయన చివరి దాకా విన్నాడు. కోపం తెచ్చుకుంటే నాకు తేలికగా ఉండేది.

"గోడ కాడ ఆగుతున్నట్టు టెంట్ల ఎవ్వలికి చెప్పలే" అన్నాడు. "ఎర్కైతే ఇంటికి తోల్తరు గద. నువ్వు లెవ్వమంటే మీవోళ్ళ లెక్కనే అంటున్నవనుకున్న. కాలు కోసమని నాకెట్ల ఎర్కైతది?"



ఆయన కట్టు కట్టిన పాదం వైపు కాసేపు చూశాడు. "టెంట్ల కుర్సీలుండె బిడ్డా. గా ఒక్క ముక్క జెప్తే కుర్సీ ఏస్కోని, కాలు జాపుకోని కూసుంటుంటి."

కుర్చీలో కూర్చుంటే ఆ స్టెంటు నిలిచేదో లేదో నేను చెప్పలేను. అప్పటికే ఆలస్యమై ఉండొచ్చు. కానీ టెంటులో ఉండాలా, లేచిపోవాలా అన్న రెండు దారులు తప్ప నాకు మూడోది తోచలేదన్నది నిజం. మూలన పేర్చిన ఆ ఎర్ర కుర్చీలను నేను రోజుకు రెండుసార్లు వ్యానులోంచి చూస్తూనే ఉన్నాను.