మడత ఫోను మూసిన చప్పుడు

తెర మీద హీరో తొడ కొడితే హాలంతా ఈలలు వేసేది. ఆ తొడ హీరోది, చప్పుడు నాది. తడిపిన తోలు సంచి మీద అరచేత్తో కొడితే వచ్చే చప్పుడది. అడుగులు, గాజులు, తలుపులు, గుర్రపు డెక్కలు, ఇలా తెర మీద కదిలే ప్రతిదానికీ చేత్తో చప్పుడు పుట్టించి రికార్డు చేయడాన్ని మా వాళ్ళు ఎఫెక్ట్స్ అంటారు. నా ఉద్యోగమంతా ఆ పనే. మొదట మద్రాసులో చేశాను, పరిశ్రమ హైదరాబాదుకి తరలి వచ్చాక ఫిల్మ్‌నగర్‌లో చేశాను. ఇప్పుడు శ్రీనగర్ కాలనీలో ఇంటిపట్టున ఉంటున్నాను. రోజూ డైరీ రాసే అలవాటు మాత్రం మానలేదు. అందుకే ఈ సంగతిని వరుస తప్పకుండా చెప్పగలను.

నా దగ్గర పని నేర్చుకున్న రహమత్ నగర్ అమ్మాయి ఒకతె నా తరువాత అదే స్టూడియోలో, అదే గదిలో పని చేస్తోంది. ఆమె ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"సార్, మన గది పోతున్నది. జర వస్తరా?"

వెళ్ళాను. నేల మీద మా ఇసుక తొట్టి, గులకరాళ్ళ తొట్టి, పాత చెప్పుల గుట్ట ఎక్కడివక్కడే ఉన్నాయి. చప్పుళ్ళన్నీ కంప్యూటర్లోనే దొరుకుతున్నాయనీ, ఈ గదిని పాడ్‌కాస్ట్ గదిగా మారుస్తాననీ స్టూడియో యజమాని చెప్పాడట. ఆయన చెడ్డవాడేమీ కాదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఈ గదికంటూ ఒక్క మంచి పని తెచ్చుకోమనండి. పాడ్‌కాస్ట్ మాట మళ్ళీ ఎత్తను" అన్నాడు.

పని ఒకటి అప్పటికే గుమ్మంలో ఉంది. మడత ఫోను తయారుచేసే కంపెనీ ఒకటి ప్రకటన తీస్తోంది. అందులో ఫోను తెరిచినప్పుడు ఒక చప్పుడు, మూసినప్పుడు ఒక చప్పుడు కావాలి. అంతే. కానీ అదే చప్పుడు అన్ని భాషల ప్రకటనల్లోనూ వినిపిస్తుంది. విదేశంలోని ఒక స్టూడియో కూడా ఇదే పని చేస్తోంది. ఏది ఎవరిదో చెప్పకుండా రెండూ వినిపిస్తే పెద్దాఫీసు వాళ్ళు ఒకటి ఎంచుకుంటారు. మాది నెగ్గితే గది నిలుస్తుంది.

కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడిది గుంటూరు వైపు. మాట్లాడుతున్నంత సేపూ ఒక కన్ను తన ఫోన్‌లో వార్తల మీదే పెట్టాడు. ఫోను నా చేతిలో పెట్టాడు. మూస్తే అరచేతిలో ఇమిడింది, తెరిస్తే చిన్న పుస్తకమంత అయింది. మధ్యలో మడత గీత వెలుతురుకి పట్టి చూస్తే తప్ప కనబడలేదు.

"ఇది ఏ దేశపు ఫోను బాబూ?" అని అడిగాను.

"ఆ ఒక్క ప్రశ్న అడక్కండి సర్. గాజు ఒక దేశం, కీలు ఇంకో దేశం, చిప్పు మరో దేశం. బిగించేది ఇక్కడ. ఎవరు ఎవరి మీద సుంకం వేశారో పొద్దున్నే లేచి చూసుకోవాలి. మా ప్రకటనలో చివరి లైన్ వారానికోసారి మారుతోంది. 'ఇక్కడే తయారైంది' అని మార్కెటింగ్ వాళ్ళు రాస్తారు, 'ఇక్కడే బిగించాం' అని లాయర్లు దిద్దుతారు." మళ్ళీ వార్తలు చూసుకుని, "అందుకే సర్, సౌండ్‌లో కొంచెం ఇండియన్ ఫీల్ ఉండాలి. వీణో, తబలానో..." అన్నాడు.

"మూత పడిన చప్పుడుకి పాస్‌పోర్టు ఉంటుందా బాబూ?"

అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ముందు ఫోనునే మైకు దగ్గర పెట్టి మూశాం. ఎలక పళ్ళు నూరినట్టు వినిపించింది. కీలులోని గ్రీజు చప్పుడది. మామూలు చెవికి వినబడదు, మైకు దాచదు. కుర్రాడి మొహం పాలిపోయింది.

"మేడమ్, దీన్ని వెంటనే డిలీట్ చేసేయండి. బయటికి పోతే నా ఉద్యోగం పోతుంది."

మర్నాటికి అమ్మాయి తన పద్ధతిలో ఒకటి చేసి పెట్టింది. పెద్ద స్పీకర్లలో వేసింది. ఫోను మూతపడగానే కోట తలుపు పడినట్టు గది అదిరింది. కుర్రాడు చప్పట్లు కొట్టాడు. యజమాని పరుగున వచ్చి "మళ్ళీ వెయ్యి" అన్నాడు. నాకూ ఛాతీ పొంగింది. కండువా భుజాన వేసుకుంటే తుపాను రావాలి, చెయ్యి విసిరితే కొండ కూలాలి. మా సినిమాల్లో చప్పుడంటే అదే, ఆమెకు నేర్పిందీ అదే.

ఇంటికి వెళ్తూ ఆటోలో కూర్చున్నాక అనుమానం మొదలైంది. వెనక్కి తిప్పించి వచ్చి కుర్రాణ్ణి అడిగాను.

"ఈ ప్రకటన జనం ఎక్కడ చూస్తారు?"

"ఫోన్లలోనే సర్. థియేటర్లకి ఇవ్వడం లేదు. మడత ఫోను కొనేవాడైనా ముందు తన పాత ఫోన్‌లో చూసేగా కొనాలి."

"అయితే పద. పాత ఫోన్‌లోనే విందాం."

ముగ్గురం ఆటోలో యూసుఫ్‌గూడ మీదుగా ఎర్రగడ్డ మార్కెట్‌కి వెళ్ళాం. బస్సుల హారన్లు, పైన మెట్రో, బేరాల అరుపులు. దొండకాయలు అమ్మే ఒకామె పక్కన నిలబడి అమ్మాయి తన ఫోన్‌లో ప్రకటన వేసింది. తెర మీద ఫోను తెరుచుకుంది, మూతపడింది. మాకేమీ వినబడలేదు. మళ్ళీ వేసింది. ఆ చిన్న స్పీకర్లోంచి కోట తలుపు 'తుస్'మని గాలి పోయినట్టు వచ్చింది.

"ఏంది బిడ్డా, ఫోను ఖరాబైందా? గట్ల చూస్తున్నవ్" అంది దొండకాయలామె.

అమ్మాయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "గది పోయినట్టే సార్" అంది.

"గడువు ఇంకా రెండు రోజులుంది. ఏడుపు తరవాత పెట్టుకుందాం" అన్నాను. ఏం చేయాలో నాకూ తెలియదు. బరువైన చప్పుడు చిన్న స్పీకర్లో పలకదు. పలికేది సన్నగా, పొట్టిగా ఉండాలి. సన్నగా ఉంటే చౌక వస్తువు అనిపిస్తుంది. సన్నగానూ ఖరీదుగానూ ఉండేది ఏమిటి?

ఆ సాయంత్రం మా ఆవిడ పెళ్ళికి వెళ్ళడానికి తయారవుతోంది. వెల్వెట్ పెట్టె తెరిచి నెక్లెస్ తీసుకుని మూసింది. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది, టీవీలో ఎవరో దేశాల సుంకాల మీద కొట్లాడుకుంటున్నారు. అయినా హాల్లో ఉన్న నాకు పెట్టె మూత చక్కగా వినబడింది. 'టప్'. మెత్తగా మొదలై గట్టిగా ముగిసింది. పెళ్ళి పందిట్లో మేళం మధ్య కూడా ఈ చప్పుడుకి ఆడవాళ్ళు తల తిప్పి చూస్తారు.

"ఆ పెట్టె ఒకసారి ఇవ్వవా?"

"దేనికి?"

"స్టూడియోకి."

"చెప్పులు పట్టుకెళ్ళారు, గరిటెలు పట్టుకెళ్ళారు, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందెకి సొట్ట పెట్టి తెచ్చారు. పెట్టె తిరిగి రాకపోతే మీరూ రానక్కర్లేదు."

మర్నాడు పెట్టెను మైకు ముందు పెట్టి మూశాను. బాగుంది కానీ పెట్టెలాగే ఉంది. అమ్మాయి కాసేపు చూసి, "జర జరగండి సార్" అని పెట్టె తీసుకుంది. మూత పడబోయే ముందు చిటికెన వేలు అడ్డం పెట్టి, చివరి క్షణంలో లాగేసింది. లోపలి గాలి 'ఉఫ్'మని బయటికొచ్చి, ఆ వెంటనే 'టప్'మంది. తెర మీది ఫోనే మూతపడినట్టుంది! అలా నేనెప్పుడూ చేయలేదు. తెరిచే చప్పుడు నాది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన జేబురుమాలు మడత విప్పితే వచ్చే సన్నని చప్పుడు.

మళ్ళీ ఎర్రగడ్డకి వెళ్ళాం, మళ్ళీ దొండకాయలామె పక్కనే నిలబడ్డాం. ఆమె తల వంచుకుని తూకం వేస్తోంది. అమ్మాయి ప్రకటన వేసింది. ఆమె తల ఎత్తకుండానే అంది.

"బంగారం కొన్నవా బిడ్డా? డబ్బా చప్పుడైంది."

కుర్రాడు నా చెవిలో, "సర్, డబ్బా అంటోంది. ఫోను అనలేదు కదా" అన్నాడు.

"బంగారం అంది. నీకింకేం కావాలి?"

వాడికి అప్పుడర్థమైంది. ఆనందం పట్టలేక ఆమె బుట్టలోని దొండకాయలన్నీ కొనేశాడు.

పెద్దాఫీసు వాళ్ళతో మాట్లాడింది జూబ్లీహిల్స్‌లో ఉన్న కంపెనీ ఆఫీసులో. గోడంత తెర మీద దేశదేశాల మొహాలు. కుర్రాడు నేను చెప్పినట్టే పెద్ద స్పీకర్లు ఆపించి, రెండు చప్పుళ్ళూ మామూలు ఫోన్లలో వినమని వాళ్ళకి ముందే పంపాడు. మొదట వేసింది మాది కాదు. ఖరీదైన కారు తలుపు పడినట్టు నున్నగా ఉంది. మంచి పనివాడి చెయ్యే, కాదనను. రెండోది మాది. ఒకావిడ దాన్ని మళ్ళీ వేయమంది. ఇంకోసారి వేయమని, ఈసారి తన ఖాళీ అరచేతిని పుస్తకంలా మూసి చూసుకుంది. అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెండోదే కావాలన్నారు. అందరూ.

ఏ సాఫ్ట్‌వేర్ వాడారని ఎవరో అడిగారు. అమ్మాయి లేచి వెల్వెట్ పెట్టెను కెమెరా ముందు పెట్టి తెరిచి మూసింది. తెర మీద అన్ని గళ్ళలోనూ నవ్వులు. కుర్రాడు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"సర్, కీలు బయటిది, గాజు బయటిది, చిప్పు బయటిది. పూర్తిగా ఇక్కడే తయారైంది ఈ చప్పుడొక్కటే! దీనికి ఏ లాయరూ అడ్డం చెప్పలేడు."

ఫోను మోగడం, ఛార్జింగ్ పెట్టడం, అలారం, ఇలా మిగతా చప్పుళ్ళన్నీ మా గదిలోనే చేయమన్నారు. మర్నాడు నేను స్టూడియోకి వెళ్ళేసరికి యజమాని స్వీట్ల డబ్బాతో నిలబడి ఉన్నాడు. "ఆ గది ఆ అమ్మాయిది మాస్టారూ, ఇక ఆ మాట వదిలేయండి" అన్నాడు. ఇద్దరం ఆ గది గుమ్మంలో నిలబడ్డాం. ఎర్రగడ్డలో జరిగిందంతా నేను చేతులు తిప్పుతూ చెబుతుంటే ఆయన పగలబడి నవ్వుతున్నాడు.

లోపల్నించి అమ్మాయి తల బయటపెట్టింది. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో కొబ్బరి చిప్ప.

"సార్, జర బయటికి పోయి మాట్లాడుకోండ్రి. రికార్డింగ్ నడుస్తున్నది."

తలుపు పడింది. తలుపు మీది ఎర్ర లైటు వెలిగింది.

యజమాని గొంతు బాగా తగ్గించి, "నా స్టూడియోలోంచి నన్నే పంపేసింది మాస్టారూ" అన్నాడు.

"నన్ను కూడా" అన్నాను. ఆ మాట ఎంత సంతోషంగా అన్నానో నాకే తెలుసు. ఇద్దరం చప్పుడు కాకుండా మెట్లు దిగి వచ్చేశాం.