రెండోది లేని చీర

తెనాలిలో మా ఇంటి ముందుగదే నా చీరల కొట్టు. బోర్డు కూడా లేదు. మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూములు వెలిసినప్పుడు మా ఆయన, "ఇక నీ పెట్టెలు సర్దుకోవడమే" అన్నాడు. నాకు మొండితనం పాలు ఎక్కువ. ఆ షోరూముల్లో దొరకనిదేదో నా దగ్గర ఉండాలని పట్టుబట్టి ఒక నియమం పెట్టుకున్నాను. నా దగ్గర ఏ చీరకూ రెండోది ఉండదు. ఒకరు కొన్నాక అలాంటిది ఇంకొకరి ఒంటి మీద కనబడదు.

ఆ మాట బాగా పనిచేసింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, పొరుగింట్లో లేని కూరకి ఇంకా రుచి ఎక్కువ. బాపట్ల నుంచి, రేపల్లె నుంచి కూడా వచ్చేవాళ్లు. "ఇలాంటిది ఇంకెవరికీ ఇవ్వరుగా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ తీసుకునేవాళ్లు. లేదు అనడంలో నాకు ఒక రకమైన గర్వం కూడా వచ్చేసింది. లేదన్నకొద్దీ జనం ఎగబడతారని నాకు అర్థమైపోయింది.

ఆ చీరలు నేసి ఇచ్చేది పేరాలలో ఒక పెద్దాయన. బాబాయ్ అని పిలిచేదాన్ని. మగ్గానికి పడుగు, అదే నిలువు నూలు, ఒకసారి ఎక్కిస్తే దాని మీద నాలుగైదు చీరలు వస్తాయి, అంచు అన్నిటికీ ఒకటే. అందుకని అడ్డంగా నేసే నూలు రంగు చీరచీరకీ మార్చమని, కొంగు మార్చమని ఆయన ప్రాణం తీసేదాన్ని. మార్చినప్పుడల్లా ఆయన పని ఆగిపోయేది. అది నాకు పట్టలేదు.

ఒకసారి ముదురు ఆకుపచ్చ చీరలు రెండు, అచ్చంగా ఒకేలాంటివి, నేసి పంపాడు. ఫోన్ చేసి కేకలేశాను.

"నూలు మిగిలిందమ్మా. రంగేసిన నూలు పారెయ్యబుద్ధి కాలేదు. అమ్ముకోమ్మా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

ఒకటి అరలో పెట్టాను. రెండోది బీరువాలో అడుగున, పాత దుప్పట్ల కింద దాచాను. వేరే ఊరివాళ్లకి అమ్మేస్తే సరిపోతుంది అనుకున్నాను.

ఆ వారమే రేపల్లె నుంచి అక్కాచెల్లెళ్లు ఇద్దరు వచ్చారు. అక్క రిటైరైన టీచరు, చెల్లెలు ఒకప్పుడు నర్సుగా చేసింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. చిన్నప్పటి నుంచీ క్రిస్మస్‌కి ఒకేలాంటి బట్టలు వేసుకుని చర్చికి వెళ్లడం వాళ్ల అలవాటట, అరవై దాటినా మానలేదట. ఆకుపచ్చ చీర చూడగానే టీచరుగారు దాని కొంగు తీసి చెంపకి ఆనించుకుంది.

"ఇలాంటివి రెండు ఇవ్వమ్మా."

"రెండోది ఉండదండి. నా దగ్గర ఏదైనా ఒక్కటే."

"ఏంటమ్మా అలా అంటావు? మేమిద్దరం ఒకింటి వాళ్లమేగా. ఎవరు అడుగుతారు?"

గదిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చీరలు చూస్తున్నారు. వాళ్ల ముందు బీరువా తెరిస్తే నా కొట్టు ఏమైపోవాలి? లేదనే అన్నాను. చెల్లెలు నవ్వేసి, "నువ్వు తీసుకో అక్కా, నేను చూసి సంతోషిస్తాలే" అంది. ఆ క్రిస్మస్‌కి మొదటిసారి వాళ్లు వేరువేరు చీరల్లో చర్చికి వెళ్లి ఉంటారు. అప్పుడు నేనదేమీ ఆలోచించలేదు. నెల తిరక్కుండా రెండో చీరని బాపట్లలో ఒకావిడకి, ఇలాంటిది ఇంకెక్కడా లేదని చెప్పి అమ్మేశాను.

ఎండాకాలంలో చెల్లెలు ఒక్కతే వచ్చింది. కుర్చీలో కూర్చుంది. మంచినీళ్లు ఇచ్చాను.

"అక్కని ప్రభువు పిలుచుకున్నాడమ్మా. తెల్లచీర వద్దు, ఆ పచ్చచీరే కట్టమని ముందే చెప్పింది. దాంతోనే భూస్థాపన చేశాం." గ్లాసు కింద పెట్టి, మొహమాటపడుతూ అడిగింది. "ఇప్పుడు ఆ చీర ఎవరి దగ్గరా లేదు కదా. అలాంటిది నాకొకటి నేయించి ఇస్తే నీ మాట తప్పినట్టు అవ్వదుగా అమ్మా?"

తేలు కుట్టిన దొంగలా అయిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది. చూస్తానండి అని మాత్రం అనగలిగాను.

మర్నాడే పేరాల వెళ్లాను. మగ్గం లేదు. దాని గుంట పూడ్చి సిమెంటు చేశారు, అక్కడ కుట్టుమిషను ఉంది. "చీరకో రంగు మార్చలేక విసుగొచ్చిందమ్మా, తీసేశాను" అన్నాడు బాబాయ్, కోపం లేకుండానే. ఇంకో మగ్గం వాళ్లని బతిమాలాను. కళ్లతో చూడకుండా ఆ కొంగు ఎలా నేస్తామన్నారు. చూడాలంటే ఇక మిగిలింది బాపట్లలో ఉన్న చీర ఒక్కటే.

బాపట్ల వెళ్లి ఆవిడకి ఉన్నమాట చెప్పేశాను.

"అంటే ఇలాంటిది ఇంకోటి ఉందా?" ఆవిడ మొహం మాడిపోయింది.

"ఉండేదండి. కట్టుకున్నావిడతో పాటే మట్టిలోకి పోయింది. మీ చీర వారం రోజులు ఇవ్వండి చాలు. చూసి నేయించి, మీది మీకు తెచ్చిస్తాను."

"అయితే ఇప్పుడు నిజంగానే నాదొక్కటన్నమాట. ఇంకెవరికీ ఉండదని మీరేగా చెప్పారు? అందుకే కొన్నాను. ఫొటో కూడా వద్దండి."

ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి నాకు హక్కు లేదు. ఆ ఆశ పెట్టింది నేనే.

రేపల్లె వెళ్లి ఆ చెల్లెలితో, ప్రయత్నించాను గానీ కుదరలేదండి అన్నాను. అక్కడితో ఆపేసి రైలెక్కెయ్యచ్చు. నా వల్ల కాలేదు. "మీరిద్దరూ వచ్చిన రోజు రెండోది నా బీరువాలోనే ఉందండి. దాచిపెట్టి లేదని చెప్పాను" అన్నాను.

తిడితే బాగుండేది. ఆవిడ ఒళ్లో పెట్టుకున్న చేతుల వైపే చూస్తూ చెప్పింది.

"ఆ రోజు తిరుగు రైల్లో నేను అన్నానమ్మా, ఆవిడ దగ్గర ఇంకోటి ఉండే ఉంటుందక్కా అని. అక్క నన్ను కసిరింది. ఉంటే ఇవ్వకుండా ఉంటుందా, ఒక మనిషిని అలా అనుమానించడం పాపం, ఇంటికెళ్లి ప్రార్థనలో క్షమాపణ అడుగు అంది." తలెత్తి నా వైపు చూసింది. "అడిగానమ్మా."