అట్ట తీసేసిన కాసెట్

తొంభైల్లో మావారికి ఢిల్లీ కంటోన్మెంట్‌లో పోస్టింగ్. ఒక మే నెలలో ఘాజియాబాద్ దాటాక ఒక స్టేషన్‌లో, రావాల్సిన రైలు ఆలస్యమై, నాలుగు గంటలు ఇరుక్కుపోయాను. ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్‌లో తిరిగేది ఒక్కటే ఫ్యాను. దాని కింద కూర్చోవాలంటే ముందు రిజిస్టర్‌లో రాయాలి. చంకలో పాపతో వరుసలో నిలబడ్డాను. నా ముందు భుజాల దాకా జుట్టు, కళ్ళకు కాటుక, సన్నటి మీసం ఉన్న మనిషి పేరూ టికెట్ నంబరూ రాసి, ఆడా మగా అన్న గడి ఖాళీగా వదిలేశారు. రిజిస్టర్ దగ్గర కూర్చున్న ఆయా ఒప్పుకోలేదు. మగవాళ్ళ గదివాళ్ళు కాటుక చూసి ఇటు పంపారట. ఈ ఆయా ఏమో మీసం చూసి అటు పొమ్మంటోంది.

పాప ఏడుపు లంకించుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"ఇంతకీ మీరు ఆడా, మగా? ఏదో ఒకటి రాసెయ్యండి, పనైపోతుంది" అన్నాను హిందీలో.

"పాటలు పాడతాను దీదీ. నా మొదటి కాసెట్ మీద కంపెనీవాళ్ళు ఎవరో మీసాలాయన ఫోటో వేశారు. రెండోదాని మీద చీర కట్టుకున్న అమ్మాయిది. రెండూ నేను కాదు" అన్నారు.

సంచీలోంచి ఒక కాసెట్ తీసి, డబ్బాలోని ఫోటో అట్ట లాగి జేబులో పెట్టుకుని, మిగిలింది పాప చేతికిచ్చారు. తర్వాత ప్లాట్‌ఫాం మీదకెళ్ళి, ఎండలోనే తమ పెట్టె మీద కూర్చున్నారు. నేను ఫ్యాను కింద కూర్చున్నాను.

ఆ పాటలు ఇప్పటికీ మా ఇంట్లో మోగుతుంటాయి. వచ్చినవాళ్ళందరూ పాడేది ఆడా మగా అని అడుగుతారు. చిరాకొస్తుంది. ముందు వినండి అంటాను. నేను మటుకు అడిగాకే విన్నాను.