గేటుకి ఏ వైపు

గ్లెనిస్ పైరీకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. టోటారా పాయింట్ బడిలో ఐదేళ్ల పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. "ఒరేయ్, ఫాయా చెవులు చూడు" అని ఒకడు పక్కవాడిని మోచేత్తో పొడిచాడంటే చాప మీద అల్లరి ఠక్కున ఆగిపోతుంది. అక్కడ ఆడ టీచర్ని ఫాయా అని పిలుస్తారు. అమ్మనీ అత్తనీ పిలిచే మాటే అది. తిట్టినా కొట్టినట్టుండదు, అలిగినా వదిలిపోరు అన్న నమ్మకం ఆ పిలుపులోనే ఉంది.

ఆవిడ కోపాలకు లెక్కాపత్రం లేదు. పెద్దవాళ్లే తియ్యలేని మూతలున్న డబ్బాల్లో పిల్లలకు తిండి పెట్టి పంపే తల్లుల మీద కోపం. దక్షిణపు చలిగాలి సముద్రం మీంచి వచ్చి కిటికీ సందుల్లో ఈల వేస్తుంటే, 'కరెంటు ఆదా' అంటూ హీటరు మీటను ఆఫీసు గదిలో పెట్టుకున్న మహానుభావుల మీద కోపం. అన్నిటికన్నా, "చిన్నపిల్లల క్లాసేగా, ఆడించడమేగా" అనేవాళ్ల మీద. వాళ్లు అక్కడ నడి చలికాలమైన జూన్‌లో ఒక్క పొద్దున వచ్చి, చలికి కొయ్యబారిన వేళ్లున్న పిల్లలందరి చేతా రబ్బరు బూట్లు విప్పించి, తడిసిన మేజోళ్లు మార్పించి, కోట్లు కొక్కేలకు తగిలించి, ముక్కులు తుడిచి, ఆ తర్వాత అక్షరాలు చెప్పి చూడాలి. అప్పుడు తెలుస్తుంది ఎంత ఆటో.

గ్లెనిస్ పుట్టింది ఆ ఊళ్లోనే. తండ్రి గొర్రె మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టిన మనిషి. ఆవిడ ఆ బడిలో చదివి, పట్నం పోయి శిక్షణ పొంది, తిరిగొచ్చి అదే బడిలో అదే గదిలో టీచరుగా కుదురుకుంది. పై క్లాసులు ఇస్తామంటే ఒప్పుకోలేదు. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. చాప మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పిల్లలు చెరో చెయ్యీ పట్టుకుని లాగాలి. ఆ లాగే పనికి పిల్లల్లో పోటీ.

ఆ దేశంలో చిన్నపిల్లలకు బడి తెరిచే రోజంటూ ఒకటి లేదు. ఐదు నిండిన రోజే బడి. కొత్త చొక్కా, కేకు, కొవ్వొత్తులు, ఆ వెంటే భుజాన సంచీ. కాబట్టి గ్లెనిస్ క్లాసులోకి ఏడాది పొడుగునా ఒకరూ ఒకరుగా పిల్లలు వస్తూనే ఉంటారు, ఇంటికి చుట్టాలు వచ్చినట్టు. చలికాలంలో వచ్చే పిల్లలకు ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. రోజూ సాయంత్రం పిల్లలు కేకు టిన్నుల్లో నీళ్లు పోసి, ఆకో ఈకో వేసి, దారం ముక్క ఒక కొస వేలాడేసి, కంచె పక్కన పెట్టిపోతారు. తెల్లారేసరికి గుండ్రంగా మంచు బిళ్లలు తయారు. వాటిని కంచెకు వేలాడదీసి, ఏది ముందు కరుగుతుందో, ఏది ఎందుకు ఆగుతుందో చూస్తారు. గడ్డకట్టడం, కరగడం, ఎండ, నీడ, అంకెలు, మాటలు, చదువంతా ఆ కంచె మీదే. మర్నాడు ఎవరికైనా ఐదు నిండుతుంటే వాళ్ల పేరున ఒక టిన్ను అదనంగా పెడతారు. కొత్త పిల్ల గదిలో అడుగు పెట్టగానే ఆ బిళ్లను చేతుల్లో పెడతారు. వేళ్లు జివ్వుమని పిల్ల కెవ్వుమంటుంది. అందరూ నవ్వుతారు. అమ్మ వెళ్లిపోతోందన్న ఏడుపు ఆ నవ్వులో కొట్టుకుపోతుంది.

ఆ ఏడు జూన్‌లో రావలసిన పిల్ల అరిహియా. తండ్రి చేపల పడవల మీద సముద్రంలో ఉంటాడు. తల్లి లేదు. తాత రావిరి పెంచుతున్నాడు. ఆ తీరం ఆయన వంశం వాళ్లదే. ఊళ్లో పెళ్లయినా చావయినా మొదటి మాట ఆయనదే. బడికి ఎవరు కొత్తగా వచ్చినా గేటు బయట నిలబెట్టి, లోపలివాళ్లు పాట పాడి, ఆయన నాలుగు మాటలు పలికి, ముక్కూ ముక్కూ ఆనించి లోపలికి పిలవడం అక్కడి ఆనవాయితీ. బయట నిలబడ్డవాళ్లు చుట్టాలు, లోపలున్నవాళ్లు ఇంటివాళ్లు. కిందటేడు వచ్చిన హెడ్మాస్టరు లోవెట్‌ను కూడా అలాగే పిలిచాడు రావిరి.

ఆ లోవెట్ కొత్త రూలు తెచ్చాడు. ఇకమీదట పుట్టినరోజున చేరడాలు లేవు. సెలవుల తర్వాత టర్మ్ మొదట్లో, అందరూ ఒకేసారి, గుంపుగా. బడి కమిటీ కూడా సరేనంది. గ్లెనిస్ అది వచ్చే టర్మ్ నుంచి కాబోలు అనుకుంది. పిల్లలు అరిహియా టిన్ను పెట్టి, అందులో నీలంగా మెరిసే పావా నత్త చిప్ప ముక్క వేసి ఇళ్లకు వెళ్లాక, ఆఫీసు గదిలో అసలు సంగతి తెలిసింది.

"ఇప్పటినుంచే అండీ గ్లెనిస్ గారూ. ఆ అమ్మాయి సెలవుల తర్వాత రావాలి," అన్నాడు లోవెట్. చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు. అదే ఆవిడకు ఇంకా మండుతుంది.

"పిల్లలేమన్నా గొర్రెలా, మంద నిండాక లారీ ఎక్కించడానికి?"

"గుంపుగా వస్తే వాళ్లకి తోడుంటుంది. బెదురుండదు. మీకూ తేలిక."

"నాకు తేలికెందుకయ్యా? నేను అడిగానా తేలిక? ఏడాదిగా ఆ పిల్లకి ఐదొస్తే బడి, ఐదొస్తే బడి అని చెబుతున్నాడు ఆ ముసలాయన. పోనీ, ఆయనకి చెప్పారా?"

"ఫోన్ యాప్‌లో పెట్టాం."

"రావిరి ఫోను చూశారా ఎప్పుడన్నా? మూత తెరిచి మాట్లాడే ఫోను! అందులో యాప్ ఎక్కడ పెట్టారు, మూత కిందా?"

లోవెట్ నవ్వాపుకున్నాడు. "అయితే మీరోసారి చెప్పండి. మీ మాటైతే వింటారు."

"చచ్చినా చెప్పను. రూలు పెట్టిన నోటితో మీరే చెప్పండి."

"సరే, చెప్తాను లెండి," అన్నాడు. ఆ ముసలాయన ముఖం చూసి ఆ మాట చెప్పలేడు, సిగ్గుపడి వెనక్కి తగ్గుతాడు అని గ్లెనిస్ లెక్క. ఆ లెక్క తప్పింది. ఆయన చెప్పనూ లేదు, తగ్గనూ లేదు. ఆ సాయంత్రం ఏవో పనుల్లో పడి మర్చేపోయాడు.

మర్నాడు నేలంతా తెల్లగా మంచు పేరుకుంది. బడి వేళకి గానీ పొద్దు పొడవలేదు. గేటు దగ్గరికి తాతా మనవరాలూ వచ్చారు. రావిరి పెద్ద పండుగలకే తీసే నల్లకోటు వేసుకున్నాడు. చేతిలో కేకు డబ్బా. అరిహియా కాళ్లకు గులాబీ రంగు రబ్బరు బూట్లు, వీపున తనకన్నా పెద్ద సంచీ. గేటు దగ్గర పసుపు జాకెట్టు వేసుకుని లోవెట్ నిలబడి ఉన్నాడు. వాళ్లను చూడగానే ఆయన ముఖం పాలిపోయింది.

గ్లెనిస్ వరండాలో ఎవరి బూట్లో లాగుతోంది. చలిలో మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి.

"రావిరి గారూ, క్షమించాలి... నేనే మీకు చెప్పాల్సింది. ఇప్పుడు రూలు మారింది. పాప సెలవుల తర్వాత..."

రావిరి తొందరపడలేదు. అంతా విన్నాడు. "కిందటేడు నువ్విక్కడే నిలబడ్డావు నాయనా," అన్నాడు. "ఇదిగో, ఈ రాయి పక్కనే. కొత్తవాడివి అప్పుడు. రూలు చూసి పిలిచామా నిన్ను లోపలికి?"

లోవెట్ గేటు మీంచి చెయ్యి తియ్యలేదు. "అది కాదండీ... కిందటి వారమే ఇంకో కుటుంబాన్ని ఆగమన్నాను. ఇప్పుడు మీకు సడలిస్తే వాళ్లకేం చెప్పను?"

అరిహియా తాత కోటు లాగింది. వాళ్ల భాషలో తాత అంటే పోవా, మనవరాలంటే మోకో. "పోవా, నాకు ఐదు రాలేదా?"

"వచ్చింది మోకో."

"మరి రానియ్యట్లేదేం? కేకులో తప్పు కొవ్వొత్తులు పెట్టావా?"

ఆ మాట వరండా దాకా వచ్చి గ్లెనిస్ గుండెలో దిగబడింది. చెవులే కాదు, మెడ దాకా మండింది. లోవెట్ మీద మండింది, అంతకు రెట్టింపు తన మీద మండింది. నిన్న సాయంత్రం రెండడుగులు వేసి రావిరి ఇంటికి వెళ్లి ఉంటే పిల్ల ఈ గేటు ముందు ఇలా నిలబడేదా? తన పంతం, ఆయన మతిమరుపు కలిసి ఐదేళ్ల పిల్ల నెత్తిన పడ్డాయి.

ఆవిడ చేతిలో ఉన్న బూటును మళ్లీ పిల్లాడి కాలికే తొడిగింది.

"అందరూ బూట్లు వేసుకోండి. కోట్లు కూడా. చాప పట్టండి. వాతావరణం బోర్డు నువ్వు తీసుకో. అరిహియా టిన్ను ఎవరు తెస్తారు?"

"నేను ఫాయా!" "కాదు నేను!" "పోయినసారీ వీడే!"

గ్లెనిస్ ముందు, చాప మోస్తూ పిల్లలు వెనక, ఊరేగింపు గేటు దాకా వచ్చింది. లోవెట్ కంగారు పడ్డాడు. "గ్లెనిస్ గారూ, పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"బడికి."

"ఏంటండీ మీరు..."

"పిల్ల బడిలోకి రాకూడదని కదా మీ రూలు? బడి పిల్ల దగ్గరికి వెళ్లకూడదని కూడా రాశారా? రాసుంటే చూపించండి. లేకపోతే గేటు తియ్యండి."

ఆయన గేటు తీశాడు.

గేటు అవతల, అవిసె పొదల పక్కన, తెల్లటి గడ్డి మీద చాప పరిచారు. ఈ రోజు ఏ వారం? చలా, వానా, మంచా? బోర్డు మీద మంచు బొమ్మ పెట్టింది ఎవరనుకున్నారు, అరిహియానే. బూట్లు జతలు జతలుగా లెక్కపెట్టారు. నోటి ఆవిరితో గాలిలో అక్షరాలు రాయడానికి చూసి, రాక, పడీ పడీ నవ్వారు. తర్వాత టిన్ను బోర్లించి మంచు బిళ్లను అరిహియా చేతుల్లో పెట్టారు. లోపల నీలం చిప్ప మెరుస్తోంది. పిల్ల కెవ్వుమంది. రోడ్డు మీద పోతున్న పాల లారీ వాడు కూడా తల బయట పెట్టి చూశాడు. రావిరి కేకు కోసి పంచాడు. మొదటి ముక్క లోవెట్‌కే ఇచ్చాడు. ఆయన తినలేకా మానలేకా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

గాలి లేచేసరికి లోపలికి వెళ్లక తప్పలేదు. పిల్లలు గేటు ఇవతలికి, అరిహియా తాత చెయ్యి పట్టుకుని అవతలే. "రేపు కూడా ఇక్కడేనా ఫాయా?" అని అడిగింది. గ్లెనిస్ గిరుక్కున తిరిగింది. సామాన్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కోపం మితిమీరితే ఆవిడకు ఏడుపొస్తుంది. ఏడుపొచ్చిందని మళ్లీ కోపమొస్తుంది.

ఆ సాయంత్రం లోవెట్ ఆవిడను పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే కమిటీ ముందు నిలబడాల్సి వస్తుందన్నాడు. "నిలబెట్టండి. నా మోకాళ్లు బాగోవు, కుర్చీ మాత్రం వేయించండి," అని వచ్చేసింది. కానీ మర్నాడు వాన, ఆ తర్వాత వడగళ్లు. మళ్లీ చాప బయటికి వెళ్లలేదు. కొక్కెం మీద అరిహియా పేరు అతికించి ఉంది. లోవెట్ ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా దాన్ని చూశాడు, తియ్యమని అనలేదు. అన్నా ఆవిడ తీసేది కాదు.

సెలవులయ్యాయి. టర్మ్ మొదటి రోజు కొత్త పిల్లల్ని గేటు బయట నిలబెట్టారు. కొందరు అమ్మల కాళ్లకు చుట్టుకున్నారు. గుంపుగా వస్తే బెదురుండదన్నాడు కదా, ఒకణ్ని చూసి ఒకడు ఏడుపు అందుకున్నారు. లోపల బడి పిల్లలంతా బారులు తీరి పాటకు సిద్ధంగా ఉన్నారు. రావిరి ఎప్పటిలాగే ఇంటివాళ్ల తరఫున మాట్లాడాలి కాబట్టి లోపలే ఉన్నాడు. అరిహియా ఆయన పక్కనే. చేతిలో ఐస్‌క్రీం డబ్బా. అందులో ఆ మంచు బిళ్ల. ఇన్నాళ్లూ ఉప్పు పట్టించిన సముద్రపు పిట్టల పక్కన, తాత ఫ్రీజరులో దాచుకుంది.

లోవెట్ వంగి మెల్లగా అన్నాడు. "అరిహియా, నువ్వు బయటికెళ్లి నిలబడాలమ్మా. కొత్తవాళ్లు అటువైపు."

"నేను కొత్తదాన్ని కాదు."

"ఈ రోజేగా చేరుతున్నావు?"

"నేనెప్పుడో చేరా. నాకు ఐదొచ్చిన రోజే చేరా. ఇదిగో, ఇచ్చారు కూడా." డబ్బా మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టింది. పిల్ల చెవులు ఎర్రగా ఉన్నాయి. చలికి అనుకోవడానికి వీల్లేదు, ఆ రోజు ఎండ కాస్తోంది.

లోవెట్ రావిరి వంక చూశాడు. రావిరి సముద్రం వంక చూశాడు. లోవెట్ గ్లెనిస్ వంక చూశాడు. ఆవిడ ఎవరిదో ముక్కు తుడుస్తోంది, తుడిచిందే తుడుస్తోంది.

అరిహియా నేరుగా కంచె దగ్గరికి వెళ్లి మంచు బిళ్లను దారంతో వేలాడదీసింది. తిరిగొచ్చి గ్లెనిస్ పక్కన, తన క్లాసు బారులో, ఇంటివాళ్లలో నిలబడింది. గేటు బయట ఏడుస్తున్న పిల్లల్ని చూసింది. గేటు మధ్యలో ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయిన హెడ్మాస్టర్ని చూసింది.

"మీరు పక్కకి జరగండి," అంది గట్టిగా. "వాళ్లని లోపలికి పిలవాలి."

ఆయన జరిగాడు.