మిల్లు దగ్గర కెనూ ఆగే రేవు

రాజమండ్రి కాంప్లెక్సులో పొద్దున్న ఆరున్నర ప్రాంతంలో రావులపాలెం బస్సు ఎక్కాను. హైవే మీద పోయే బస్సు కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా కాలువ పక్కనే వెళ్లేది. మీలో ఎవరైనా ఈ దారిన వెళ్లదలిస్తే ఎక్కేముందు డ్రైవర్ని అడగండి. బోర్డు చూసి ఎక్కితే హైవేలో తేలతారు.

కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు కొట్టింది. ఆత్రేయపురంలో ఏం పనండీ అని అడిగింది. కాలువలో పడవ వెళ్లడానికి దారి ఉందో లేదో చూడ్డానికి అన్నాను.

"పడవ దారి బస్సెక్కి చూస్తారా అండి?" అంది.

మాట నేర్చిన మనిషి. నాకు నచ్చింది.

ఆమెకి చెప్పని సంగతి మీకు చెప్పాలి. పోయిన వానాకాలంలో మా వారికి పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, ఎడమ చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది, ఎడమ కాలు మాత్రం ఈడుస్తారు. చదునైన నేల మీద కర్ర పట్టుకుని నడుస్తారు గానీ మెట్లు దిగలేరు. కాలి సంగతి సరే, మందులున్నాయి, వ్యాయామం ఉంది. నాకు భయం వేసింది ఇంకోదానికి. కాలేజీలో ఫిజిక్సు చెప్పిన మనిషి, పెళ్లయిన నాటి నుంచి నా ప్రతి మాటకీ ఎదురు చెప్పిన మనిషి, వాదించడం మానేశారు. ఇడ్లీయా ఉప్మానా అంటే నీ ఇష్టం. కిటికీ తియ్యనా అంటే నీ ఇష్టం. వచ్చినవాళ్లంతా ఆయన ఎంత నెమ్మదిగా అయిపోయారో అని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది.

అలాంటిది, మొన్నామధ్య టీవీలో ఆత్రేయపురం కాలువలో జరిగిన పడవ పందేలు చూస్తూ, ఎవరూ అడక్కుండానే, "ఆ కాలువలో మా మిల్లు దాకా ఒకసారి వెళ్తే బాగుండు" అన్నారు. జబ్బు పడ్డాక ఆయన నోట వచ్చిన మొదటి కోరిక అది.

మా మావగారు కాలువ గట్టున ఉన్న రైసుమిల్లులో గుమాస్తాగా చేశారు. ఆ రోజుల్లో ధాన్యం పడవల్లోనే మిల్లుకి వచ్చేది, బియ్యం బస్తాలు పడవల్లోనే పోయేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ భుజాన తాడేసుకుని పడవని లాగేవారట. కాలువ నీటిమట్టం సరిచేసే లాకుల దగ్గర పడవలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరేవట. ఇప్పుడు ధాన్యం లారీల్లో పోతోంది. కాలువకి పొలాలు తడపడం తప్ప వేరే ఉద్యోగం లేదు.

ఈస్టరు దాటితే మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. వెళ్తే ఈలోపే వెళ్లాలి. ఫిజియోథెరపీ అమ్మాయి గంటన్నర కూర్చోవచ్చంది. ఇక తేలాల్సింది ఒక్కటే: ఆయన ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి.

ఆత్రేయపురంలో దిగి, సెంటర్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. అల్లం పచ్చడి అడిగి వేయించుకోండి, వాళ్లంతట వాళ్లు వెయ్యరు. పూతరేకుల దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. కెనూలు అద్దెకిచ్చే సత్యనారాయణరాజు గారు కాలువ దగ్గర నా కోసం ఎదురుచూస్తున్నారు. పందేల కోసం కొన్న కెనూలు, సన్నటి ప్లాస్టిక్ పడవలు, గట్టు మీద బోర్లించి ఉన్నాయి. నీళ్ల మీద తేలే బల్ల ఒకటుంది. గట్టు నుంచి దాని మీదికి చదునుగా నడిచి వెళ్లవచ్చు. ఎక్కడం సమస్య అక్కడే తీరిపోయింది.

రాజు గారు మనుషుల బరువెంతో చెప్పమన్నారు. కెనూలో బరువు సరిగ్గా పంచాలట. మా వారిది చెప్పాను.

"మీదో అండి?"

"నాది పడవెక్కాక మీకే తెలుస్తుంది."

ఆయన నవ్వాపుకుని, మాకు తోడుగా తనే తెడ్డు వేస్తానని, లైఫ్ జాకెట్టు లేకుండా మాత్రం ఎవర్నీ ఎక్కించనని చెప్పారు. పందేలప్పుడు గుర్రపుడెక్క తీయించారు గనక మిల్లు దాకా నీళ్లు శుభ్రంగానే ఉన్నాయన్నారు. నీళ్లు లాకుల వైపే నడుస్తాయి, తెడ్డు ఊరికే ఆనిస్తే చాలన్నారు. తర్వాత నన్ను స్కూటీ మీద కూర్చోబెట్టుకుని గట్టు వెంట మిల్లు దాకా తీసుకెళ్లారు. పెట్రోలు డబ్బులిస్తానంటే వినిపించుకోలేదు.

మిల్లు లొల్ల లాకులకి కాస్త ఎగువన ఉంది. ఇటుకల పొగగొట్టం అలాగే నిలబడి ఉంది. రేకులు ఊడిపోయిన షెడ్డులో ఇప్పుడు అరటిగెలలు పెడుతున్నారు. ఆ తోటల యజమాని వెంకట్రావు గారు మా వారి కంటే నాలుగైదేళ్లు చిన్న. పేరు చెప్పగానే గుర్తుపట్టారు. "గుమాస్తా గారబ్బాయా అండి!" అని కుర్చీ వేయించి, కొబ్బరిబొండాం కొట్టించి, నేను తాగేదాకా ఇంకో మాట మాట్లాడనివ్వలేదు.

ఆ తర్వాత కొత్తగా కట్టిన స్నానాల రేవు చూపించారు. టైల్సు, స్టీలు కమ్మీలు, పైన తోరణం. ఊళ్లో అందరూ చందాలేసుకుని కట్టుకున్నారట. నిజంగా ముచ్చటగా ఉంది. కానీ అన్నీ మెట్లే. నిటారుగా దిగుతున్నాయి, అడుగున నాచు.

మా వారు మెట్లెక్కలేరని చెప్పాను.

"దానికేముందండి. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం ఎత్తుకొచ్చేస్తాం. మేష్టారి కాలు కింద పెట్టనివ్వం."

ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు. అయినా ఒప్పుకోలేకపోయాను. ఆసుపత్రిలో ఆయన్ని మంచం మీంచి స్ట్రెచరు మీదికి, స్ట్రెచరు మీంచి మంచం మీదికి ఎత్తడం చూశాను. ఇక్కడ కూడా ఎత్తుతామంటే ఆయన కాదనరు. నీ ఇష్టం అంటారు. చిన్నప్పుడు పరుగులు తీసిన చోటికి బస్తాలాగా వస్తారు. అంతకంటే ఇంట్లో టీవీయే నయం. ఎత్తుకురావడం కుదరదని చెప్పేశాను. కాస్త గట్టిగానే చెప్పినట్టున్నాను, వెంకట్రావు గారి మొహం చిన్నబోయింది.

వచ్చిన పని అయిపోయిందనుకుని లేచాను. అప్పుడు పొగగొట్టానికి అవతల నీళ్లలోంచి గేదెలు పైకి వస్తూ కనిపించాయి. ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా. అన్నేసి బరువులేసుకుని అంత తీరిగ్గా ఎక్కుతున్నాయంటే అక్కడ మెట్లు లేనట్టే కదా.

అదేంటని అడిగాను.

"అదా అండి..." వెంకట్రావు గారు రాజు గారి వైపు చూశారు. "గేదెల రేవండి. మీకు చూపించేది కాదు."

ఇదీ మా గోదావరి మర్యాద. గుమాస్తా గారి కోడలొచ్చింది, మంచి రేవే చూపించాలి. పనికొచ్చే రేవు పక్కనే ఉన్నా సరే, పేడ ఉంటుందని నోరెత్తకూడదు. రాజు గారికీ ఆ రేవు తెలుసు. ఆయనా ఆ మాట ఎత్తలేదు.

నేను దిగి చూశాను. వెడల్పైన వాలు. ఏళ్ల తరబడి గిట్టలు తొక్కి తొక్కి నేల రాయిలా గట్టిపడింది. ఎడమ కాలు ఈడుస్తూ, కర్ర పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి, నీళ్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. గేదెలు తోలుతున్నావిడ, లక్ష్మి అట, ఆగి చూసింది.

"కాలు బెణికిందా అమ్మగారూ?"

"లేదమ్మా. మా ఆయన నడక నడిచి చూస్తున్నాను."

ఆమె నవ్వలేదు. వాలు తడిగా ఉంటే జారుతుందని, మేం వచ్చే రోజు గేదెల్ని అవతలి రేవుకి తోలుకుపోతానని, వరిగడ్డి పరిచి ఉంచుతానని చెప్పింది. వెంకట్రావు గారు తేరుకుని, గడ్డెందుకు, పెళ్లి పందిట్లో వేసే ఎర్ర తివాచీ వేయిద్దామన్నారు. తివాచీ మీద చాలాసేపు వాదించాం. గడ్డే నెగ్గింది.

అక్కడే నిలబడి మా వారికి ఫోన్ చేశాను. గేదెల రేవులో దిగాల్సి ఉంటుంది, ఏమంటారు అని అడిగాను. నీ ఇష్టం అంటారని ఎదురుచూశాను.

"పొగగొట్టం పక్కదేనా?" అన్నారు. "నేను ఈత నేర్చుకుంది అక్కడే. గేదె తోక పట్టుకుని."

ఇన్నేళ్ల కాపురంలో నాకీ సంగతి చెప్పలేదు. సరే, పొద్దున్నే బయల్దేరదామన్నాను.

"పొద్దున్న వద్దు. దారంతా ఎండ మొహాన కొడుతుంది. సాయంత్రం వెళ్దాం."

"సాయంత్రం దోమలు తింటాయి."

"కాలువ గురించి నీకేం తెలుసే?"

చెప్పుల్లోకి నీళ్లు వస్తున్నాయి, లక్ష్మి నా వైపే చూస్తోంది. ముక్కు తుడుచుకుని, డిగ్రీలో జువాలజీ చదివినదాన్ని, దోమ గురించి మాత్రం బాగా తెలుసు అన్నాను. తెలియదన్నారు ఆయన.

వెంకట్రావు గారింట్లో భోజనం చేశాను. వద్దన్నకొద్దీ వడ్డించారు. ముద్దపప్పు, కొత్తావకాయ ఇంకా పట్టలేదని పాతది, గడ్డ పెరుగు. మధ్యాహ్నం బస్సుకి రాజు గారే లాకుల దగ్గర దింపారు. సీటు దొరికింది, కిటికీ పక్కనే. పొద్దున్న బయల్దేరేటప్పటికి నేను వీళ్లెవరికీ ఏమీ కాను. ఒకరు స్కూటీ ఎక్కించుకున్నారు, ఒకరు అన్నం పెట్టారు, ఒకరు గేదెల దారి మార్చుకుంటానన్నారు. ఇంతమందికి ఎలా రుణపడిపోయానో అనుకుంటుండగా ఫోను మోగింది.

కెనూలో మధ్యలో సామానులాగా కూర్చోనని, కుడి చెయ్యి బాగానే ఉంది గనక తనకీ ఒక తెడ్డు కావాలని, రాజు గారికి ఆ మాట ఇప్పుడే చెప్పమని మా వారు. కుదరదన్నాను. కుదురుతుందని, పడవ తిరగడం వెనక ఉన్న ఫిజిక్సు మొదలుపెట్టారు. బొబ్బర్లంక దాకా ఆయన చెప్తూనే ఉన్నారు, నేను కాదంటూనే ఉన్నాను. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

బ్యారేజీ ఎక్కగానే సిగ్నల్ పోయింది. నేను చెప్పాల్సిన మంచి జవాబు ఒకటి నోట్లోనే ఉండిపోయింది. తొందరేం లేదు. ఇంటికెళ్లి చెప్పవచ్చు. ఒప్పుకోని మనిషి అక్కడ కాచుకుని ఉన్నారు. గేట్ల అవతల నిండుగా ఉన్న గోదావరిని చూస్తూ, ఆదివారం గుడిలో పాడేటప్పుడు కూడా అంత మనస్ఫూర్తిగా చెప్పనేమో, దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.