నర్సు జీవిత, పెద్దమ్మ కడుపుమంట

ఇంటి ఓనరు నోరు మూయించిన ఆడపిల్లను రత్నమణి తన డెబ్బై ఏళ్ళలో ఒక్కదాన్నే చూసింది. చూసి సంతోషించిందా అంటే, అదీ లేదు.

కంటి ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి కర్నూలు పోయి, మరిది కూతురు జీవిత అద్దె ఇంట్లో దిగింది. జీవిత ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నైటు డ్యూటీ చేసి పొద్దున ఇల్లు చేరేసరికి కొళాయిలో చుక్క నీళ్ళు లేవు. ఓనరు గిడ్డయ్య వాకిట్లో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు.

"మోటరు ఎందుకు ఆపినావన్నా?"

"రాత్రంతా యాడో తిరిగొచ్చి నీళ్ళు కావల్లంటే ఎట్లమ్మా? సంసారులుండే ఇల్లు ఇది" అన్నాడు గిడ్డయ్య, వీధంతా వినేటట్టు.

రత్నమణి అయితే ఆ మాటకు తలుపేసుకుని లోపల కూర్చునేది. జీవిత మాత్రం సంచి కింద పెట్టి, చున్నీ నడుముకు బిగించింది.

"అవునన్నా, తిరిగినా. ఈ మంచం కాడి నుంచి ఆ మంచం కాడికి తిరిగినా. మీ నాయనకు ఊపిరాడక ఎత్తుకొచ్చినారే, అది పగలా? ఆ పొద్దు నేను సంసారి మాదిరి ఇంట్లో పండుకోనింటే, మీ నాయన ఈ పొద్దు అరుగు మీద ఉగ్గాని తింటాండునా?"

అరుగు మీది ముసలాయన ఉగ్గాని నములుతూనే తలూపాడు. పక్కిళ్ళ ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. గిడ్డయ్య నోట్లో నురగ అట్లే పెట్టుకుని పోయి మోటరు వేశాడు.

అంత నోరు తన కూతురు క్రిస్టినాకు దేవుడు ఎందుకు ఇవ్వలేదా అని రత్నమణి బస్సులో ఊరు చేరేదాకా కుమిలింది. ఓర్వకల్లు దాటిన తర్వాత వాళ్ళ ఊరు. నర్సు చదువుకు ఇద్దరు పిల్లలూ ఒకే రోజు పోయారు, ఒకే రంగు ట్రంకుపెట్టెలతో. క్రిస్టినా మొదటిసారి రక్తం చూసి రోగి మీదే పడింది. ఆ రోగే లేచి దాని ముఖాన నీళ్ళు చల్లాడంట! తిరుగు బస్సులో ఇల్లు చేరిన పిల్ల ఇప్పుడు రోజూ బస్సులో పోయి వస్తూ కర్నూల్లో చీరల కొట్లో చీరలు విప్పి చూపిస్తోంది. జీవితేమో తెల్లకోటు వేసుకుని ఊరికొస్తే, రత్నమణికి దండం పెట్టేవాళ్ళు కూడా బీపీ చూపించుకోవడానికి అటు పరుగెత్తుతారు.

దానికి తోడు జీవిత తల్లి ఎస్తేరు. రత్నమణికి తోటికోడలు, గోడ పక్క గోడ. నోరు తెరిస్తే "మా జీవిత".

"మా జీవిత ఉప్పు తగ్గించమనిందక్కా" అని ఎస్తేరు చెప్పిన రోజు నుంచి రత్నమణి చారులో ఇంకో చిటికెడు ఎక్కువ వేసుకుంది. బీపీ పెరిగితే ఎస్తేరు దిష్టి అనింది.

ఇప్పుడు కొత్త కబురు.

"కర్నూల్లో జీతం సగం అద్దెకే పోతాందక్కా. కడపలో ఒక పెద్దాసుపత్రోళ్ళు పిలిచినారు. జీతం ఎక్కువ, ఉండేకి రూము వాళ్ళే ఇస్తారంట."

"పోనీలే. కడప ఎండకు రొట్టె బండ మీదే కాలుతాది, గ్యాసు ఖర్చు కూడా మిగులుతాది" అంది రత్నమణి.

అయితే ఒక ముడి ఉంది. మొదట్లో అన్నీ నైటు డ్యూటీలే. జీవితకు మూడేళ్ళ పాప, షారోను. కర్నూల్లో ఎప్పుడైనా నైటు పడితే పాపను తెచ్చి ఎస్తేరు దగ్గర వదిలేది, కడప నుంచి అది కుదరదు. మొగుడు యేసుప్రసాద్ లారీ డ్రైవరు, ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. ఎస్తేరు పోదామంటే పక్షవాతంతో మంచం పట్టిన మొగుణ్ణి వదిలే వీలు లేదు. రాత్రిపూట పాప దగ్గర ఉండే మనిషి దొరకకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. సోమవారమే చేరాలి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి రత్నమణికి అన్నం సయించింది.

మనిషి ఇంకా దొరకకపోయినా, ఆదివారం మధ్యాహ్నం ఎస్తేరు ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టారు. ఊరు విడిచి పనికి పోయేవాళ్ళకు ఇంటి పెద్ద ఆడమనిషి ప్రార్థన చేయాలి. అంటే రత్నమణే. ఆ చర్చి సంఘంలో ఇంకో రివాజు కూడా ఉంది. వీధిలో అనలేని మాట ప్రార్థనలో అనవచ్చు. అందరూ కళ్ళు మూసుకుని ఉంటారు, మధ్యలో ఆపేవాళ్ళు ఉండరు.

రత్నమణి ముసుగు సర్దుకుంది. "దయగల తండ్రీ, దుడ్ల కోసం కడపకు పోతాండే నీ బిడ్డను కాపాడు. కన్నకూతుర్ని ఎవురి చేతిలో పెడ్తాదో ఆ యమ్మకే తెలీదు, నీకే తెలుసు. ఉన్నకాడ తృప్తిగా ఉండే బుద్ధి అందరికీ ఇయ్యవు గదా ప్రభువా."

ఆమెన్ అనాలో వద్దో తెలియక సగం మంది గొణిగారు. వంతు లేకపోయినా ఎస్తేరు అందుకుంది.

"దయగల తండ్రీ, మా అక్క కండ్లకు ఆపరేషన్ చేపించినావు, నీకు స్తోత్రం. పక్కింటోళ్ళు బాగుపడితే ఆ కండ్లకు మళ్ళా పొర కమ్మకుండా చూడు ప్రభువా."

పాస్టరు దావీదురాజు గట్టిగా "ఆమెన్" అని, "టీ తెండమ్మా" అన్నాడు.

రత్నమణి తన ఇంటి పెరట్లోకి పోయి రోలు మీద కూర్చుంది. జీవిత బజ్జీల ప్లేటుతో వెనకే వచ్చింది.

"పెద్దమ్మా, బాగా చేసినావు ప్రార్థన."

"చేసినా. తప్పేముండాది?"

"తప్పేం లే. నీకు కడుపుమంట."

"నాకేం మంట? గ్యాసు."

"గ్యాసయితే మాత్ర ఇస్తా. ఇది మాత్రకు పోయేది కాదు." జీవిత ప్లేటు ఆమె ఒళ్ళో పెట్టింది. "నీకు రాత్రిళ్ళు నిద్ర పట్టదంట గదా. ఎస్తేరు కూతురు అట్ల, నా కూతురు ఇట్ల అని తెల్లారేదాకా మిద్దె దూలాలు చూస్తాంటావంట. క్రిస్టినా చెప్పింది."

బజ్జీ కొరికిన రత్నమణికి పొలమారింది.

"మా అత్తను అడిగినా, ఆడబిడ్డను అడిగినా. మంచోళ్ళే, కానీ పండుకుంటే చెట్లు కొట్టేసినట్లే, పాప ఏడ్చినా లేవరు. నాకు నిద్రపోని మనిషి కావల్ల పెద్దమ్మా. ఈడ ఊరికే మేలుకోనుండే బదులు కడపకొచ్చి మేలుకో. నన్ను తిట్టుకుంటానే పాప మీద ఒక కన్నెయ్. రేపు పొద్దున బస్సుకు పోదాం."

రత్నమణి గోడవతల ఎస్తేరు నవ్వు విన్నది. కూతురి కొత్త ఇంటికి ఎస్తేరు పోయే వీల్లేదు. తాను పోతుంది. ప్లేటులో ఇంకో బజ్జీ తీసుకుంది.

జీవిత లేచి నిలబడి గొంతు తగ్గించింది.

"ఈ మాట అమ్మకు ఇంకా చెప్పలేదు. నేను చెప్తే కొంచెమే కుళ్ళుకుంటాది. నువ్వే పోయి చెప్పు పెద్దమ్మా."