నీళ్లలోకి చెవి దించినవాడు

మా ఆయన ధన్‌సింగ్‌కు సముద్రం అడుగున నక్కిన జలాంతర్గామి వినిపించేది గానీ, పొయ్యి దగ్గర నుంచి నేను పిలిస్తే మాత్రం వినిపించదు. పెళ్లయిన తొమ్మిదేళ్లుగా ఇంట్లో ఇదే గోల. అసలు ఆ చెవుల వల్లే నాకు ఆ పెళ్లి కూడా తప్పిపోబోయింది.

ఎనభై తొమ్మిదిలో మోతె దగ్గరి మా తండాకు సంబంధం మాట్లాడటానికి వచ్చాడు. సెలవు పది రోజులే. మాలో రెండు వైపులవాళ్లూ కలిసి బెల్లం తింటే సంబంధం ఖాయమైనట్టు. బెల్లం పళ్లెంలో ఉంది, మా నాన్న కిష్ట్యా ముట్టడం లేదు. నేను తలుపు వెనక నిలబడి చూస్తున్నాను. అబ్బాయి నాకు నచ్చాడు, దాచేదేముంది! మాటలన్నీ లంబాడీలోనే సాగాయి, మీ కోసం తెలుగులో రాస్తున్నాను.

"ఏం పని జేస్తవ్ పిల్లగా?"

"నేవీల మామా. విమానాలు మోసే ఓడ మీద."

"ఓడ మీద విమానాలా? వాడపల్లి రేవుల పుట్టిల నాలుగు మేకలెక్కిస్తేనే అటూ ఇటూ ఊగుతది. ఎవలకు జెప్తున్నవ్ గీ కోతలు?"

'ఓడలో ఉద్యోగం' అని ఊరుకుంటే పోయేది కదా! ఊహూ. ఈ మనిషికి సగం చెప్పి ఆపడం చేతకాదు.

"నిజం మామా. శత్రువు విమానం సముద్రానికి ఆనుకొని కిందికెల్లి వస్తే ఓడ మీది రాడార్‌కు దూరంకెల్లి కానరాదు. అందుకే మా విమానాలు ముందుగాల్నే దూరం పోయి గాలిల కాపలా ఉంటయి, ఆడనే అడ్డుకుంటయి. ఇగ నీళ్ల కిందికెల్లి జలాంతర్గామి వస్తది. దాన్ని పట్టేది నేను. హెలికాప్టర్ నీళ్ల మీద గాలిలనే ఆగుతది. తీగ కట్టిన యంత్రం కిందికి దించుతం. అది సప్పుడు పంపుతది. ఆ సప్పుడు దేనికన్న తాకి మర్లొస్తే నా చెవుల ఇనవడ్తది."

"గాలిల కూసోని నీళ్లల్లకు చెవి దించుతవా!" నాన్న లేచి నిలబడ్డాడు. "అబద్ధాలకోరుకు నా బిడ్డనియ్య. బెల్లం తియ్యండి!"

నాకు ఏడుపొచ్చేసింది. అంత నిజం ఒక్కసారే చెప్పమని ఎవరు అడిగారు ఈయన్ని!

అప్పటిదాకా మూలన కూర్చున్న మా నాయనమ్మ ద్వాళి నోరు తెరిచింది. "కూసోరా కిష్ట్యా. పిల్లగాడు చెప్పేది మన పాత తండా ముచ్చటే. మన తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసుకుంట ఊర్లు తిరిగేటోళ్లు. ఎడ్లూ పిల్లలూ నడుమ. పడుసు పోరగాళ్లు ముందుగాల పోయి గుట్టలెక్కి సూసేటోళ్లు. కుక్కలు సుట్టూ పొదల్ల వాసన పట్టేటియి. గంతేనా పిల్లగా?"

"గంతే దాదీ!" ఈయన మొహం వెలిగిపోయింది. "ఓడలు ఎడ్లు, విమానాలు పోరగాళ్లు. కుక్కను నేను!"

అందరూ ఘొల్లున నవ్వారు. నేను తల కొట్టుకున్నాను.

"ఇన్నవా అమ్మా?" అన్నాడు నాన్న. "నా బిడ్డను కుక్కకియ్యమంటవా?"

నాయనమ్మ నవ్వలేదు. "మా నాయనమ్మ చంటిపిల్లగున్నప్పుడు, తండా ఆగిన కాడ పొదల సిరుతపులి నక్కింది. గుట్ట మీది పోరగాళ్లకు కానరాలే. కుక్క వాసన పట్టి మొరిగింది. మొరగకుంటే ఆమె లేదు, నేను లేను, నువ్వు లేవు. తలుపెనక నిలవడి ఏడుస్తున్న నీ బిడ్డ గూడ లేదు."

నాన్న తలుపు వైపు చూశాడు. నేను గబుక్కున కళ్లు తుడుచుకున్నాను. ఆయన వచ్చి మళ్లీ కూర్చున్నాడు. తర్వాత పళ్లెం దగ్గరికి లాక్కుని, బెల్లం ముక్క విరిచి తన నోట్లో వేసుకుని, ఇంకో ముక్క ధన్‌సింగ్ నోట్లో పెట్టాడు.

"గాడ గట్టిగ మొరుగు అల్లుడా," అన్నాడు. "మేమందరం ఎడ్లెనక ఉన్నం."